నేమత్‌ఖానాకు తాళం

మా నానీమా వంటింట్లో గోడకు జానెడు ఎడంగా ఒక చెక్క అల్మారీ ఉండేది. తలుపులకు సన్న ఇనుప జాలీ, నాలుగు కాళ్ల కింద నాలుగు నీళ్ల గిన్నెలు. చీమలు పైకి ఎక్కకుండా! పొద్దుటి సాలన్, పాలగిన్నె, షబే బరాత్ హల్వా అన్నీ అందులోనే. పక్కింటివాళ్లు జాలీ బీరువా అనేవారు, ఇంగ్లీషు దొరలు మీట్ సేఫ్ అన్నారు. మనం నేమత్‌ఖానా అన్నాం. ఇందులో ఖానా అంటే తిండి అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. కాదు, దవాఖానా, కితాబ్‌ఖానాల్లో ఉన్న ఫార్సీ ఖానా, అంటే ఇల్లు. అల్లాహ్ ఇచ్చిన నేమత్‌లు ఉండే ఇల్లు. ఖాలిద్ జావేద్ ఉర్దూ నవల పేరూ ఇదే. దాని ఇంగ్లీషు అనువాదానికి 2022లో జేసీబీ బహుమతి వచ్చింది.

ఈ అల్మారీకి అమెరికాలో ఒక చుట్టం ఉంది. పేరు పై సేఫ్. పిండి పొరలో పండ్లో మాంసమో పెట్టి కాల్చే ‘పై’లనూ రొట్టెలనూ దాచుకునేది. 19వ శతాబ్దంలో పెన్సిల్వేనియా, వర్జీనియా, టెనెస్సీ పల్లెల్లో ఇది మామూలు సామానే. చట్రం పైన్, పోప్లర్, వాల్‌నట్ లాంటి చెక్కది. అసలు హునర్ అంతా తలుపుల్లో బిగించే రేకులది. అది ఇనుప రేకుకు తగరం పూత పూసినది. మన గల్లీల్లో కళాయీవాలా రాగి దేగ్చీలకు పూసే ఆ కళాయే! రేకులు ఎక్కువగా బ్రిటన్‌లోని వేల్స్ నుంచి ఓడల్లో వచ్చేవి, మామూలు కొలత 10 అంగుళాలకు 14. రేకు కొలతను బట్టే బడయీ తలుపు కొలత వేసుకునేవాడు.

రేకును చెక్కపలక మీద పరిచి, పైన నక్షా గీసిన కాగితం పెట్టి, మేకుతోనో చిన్న ఉలితోనో గీత వెంట ఒక్కొక్క చిల్లే కొట్టాలి. దెబ్బ గట్టిగా పడితే రేకు చిరుగుతుంది, మెల్లగా పడితే చిల్లు పడదు. చిల్లుల్లోంచి గాలి ఆడాలి, ఈగ మాత్రం దూరకూడదు. గాలి ఆడకపోతే రొట్టెకు బూజే. ఇంత పనికి నక్షా ఎందుకు, వరసగా చిల్లులు కొడితే చాలదా? చాలదనుకున్నారు వాళ్లు. నక్షత్రాలు, హృదయాలు, పూలకుండీలు, గద్దలు కొట్టారు. రేకు మీది నక్షా చూసి అది ఏ ప్రాంతపుదో పోల్చే పరిశోధకులు ఉన్నారు. తర్వాత తీగ జాలీ చవకైంది, ఆపైన ఐస్ పెట్టె వచ్చింది. రేకుల పనికి గిరాకీ పోయింది.

సేఫ్ అంటే భద్రం. ఎవరి నుంచి? ఈగలు, ఎలుకలేనా? చాలా పై సేఫ్‌లకు తాళం ఉంది. 1865కు ముందు దక్షిణాది రాష్ట్రాల్లో, గులాములున్న ఇళ్లలో, సామాన్ల తాళంచెవులు యజమానురాలి నడుముకు వేలాడేవి. పిండి పిసికి, పొయ్యి ముందు చెమటోడ్చి ‘పై’ కాల్చిన గులాం ఔరత్‌కు ఆ తలుపు తీసే హక్కు లేదు.

ఇది చదివినప్పుడు నాకు అమెరికా కాదు, నానీమా కొంగు గుర్తొచ్చింది. ఆ కొంగుకూ ఒక తాళంచెవి ఉండేది. అంట్లు తోమే బువా ఇంకా వంటింట్లో ఉండగానే నేమత్‌ఖానాకు తాళం పడేది. రాత్రి గిన్నెల మీద మూతలు పెట్టమని హదీసు. మూతలు నానీమా బిస్మిల్లా అంటూ పెట్టేది. నేమత్‌ఖానాకు తాళం వేయమని మాత్రం నేను ఏ హదీసులోనూ చదవలేదు. ఆమెను నేనెంత ప్రేమించినా ఈ మాట రాయక తప్పదు.

ఇంకో మాట కూడా రాయాలి. ఐసు లేని ఆ అల్మారీలో సాలన్ రెండో పూట దాటేది కాదు. అందుకే మగ్రిబ్ అయ్యేసరికి మిగిలింది గిన్నెల్లో సర్ది పక్కిళ్లకు పంపేది. బక్రీద్ గోష్త్ ఆ రోజే పంచాలి, లేదా ఉప్పు పట్టించి ఎండబెట్టాలి. ఫ్రిజ్ వచ్చాక మా ఇంటి బక్రీద్ ముహర్రం దాకా సాగుతోంది.

ఆ నేమత్‌ఖానా ఇప్పుడు మా ఖాలా ఇంట్లో ఉంది. తుప్పు పట్టిన జాలీ తీసేసి అద్దాలు వేయించారు, లోపల పింగాణీ కప్పులు. గొళ్లెం, తాళంకప్ప పాతవే. చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు, బువా ఎక్కడుందో కూడా.