మా గూడుబండి – మన్యపు బాట

రాయగడ, కొరాపుట్ ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో, తమ పెద్దలు ఈ మన్యమునకు ఎట్లు వచ్చిరో చెప్పుకొను కథ లేని కుటుంబము అరుదు. కొందరి పెద్దలు జయపురం సంస్థానపు కొలువునకు వచ్చిరి. కొందరు కచేరీ గుమాస్తాలుగాను, కొందరు బడిపంతుళ్లుగాను, కొందరు వర్తకులుగాను వచ్చిరి. మా ముత్తాతగారు సంస్థానపు ఠాణాలో లేఖరిగా నియమితులై, సవారీ బండిలో సకుటుంబముగా పార్వతీపురము నుండి రాయగడకు విచ్చేసిరని మా యింటి కథ. దానికి సాక్ష్యముగా మా పెరటి సాలలో ఒక గూడుబండి యుండెను. 38 సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి విరమించిన నేను, కాగితముపై లేనిదానిని నమ్మరాదని నేర్చుకొన్నవాడను. అయినను ఆ బండి విషయమున మాత్రము ఎన్నడును సందేహపడలేదు.

ఆ బండిని బాగుచేయు ఆలోచన నాది కాదు. కెనడా దేశమున విన్నిపెగ్ నగరములో నివసించు మా మేనల్లుడు, కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు పాత ఫైబర్ గ్లాసు బండి నొకదానిని కొని, భార్యాబిడ్డలతో కలిసి మరమ్మతు చేయసాగెను. ‘బోలర్’ అను ఈ చక్రముల యిల్లు 1968లో ఆ నగరముననే పుట్టినదట. దానిని రూపొందించిన రే ఒలెకో అను నతడు అంతకుమునుపు ఫైబర్ గ్లాసుతో సెప్టిక్ ట్యాంకును తయారుచేసినవాడు. తొట్టెకు పనికివచ్చిన తేలికైన పదార్థము ఇంటికేల పనికిరాదని తలచి, పై సగమును క్రింది సగమును వేరువేరుగా అచ్చుపోసి, నడుమ అతికించెను. బౌలరు టోపీని పోలియుండుటచే దానికి ఆ పేరు వచ్చినది. మా మేనల్లుడు ఫోనులో ఇట్లనెను: “మామయ్యా, పైచిప్ప చెడలేదు. చెడినదంతయు లోపలి చెక్కనేలయే. నేల ఊడదీసిన గాని బండి సంగతి తెలియలేదు. మన గూడుబండి ఇంకను ఉన్నదా?”

ఆ ప్రశ్నకు సమాధానముగా నేను సాల తలుపు తీసితిని. గూటి తడికెలు చెదలు తినియుండెను. ఒక చక్రమునకు మూడు ఆకులు లేవు. కాడి రెండు ముక్కలై యుండెను. మా తమ్ముడు దానిని అలంకారమునకై ఒక హోటలువారికి అమ్మివేయుదమనెను. మా కుమారుడును కోడలును వలదనిరి. పిల్లలకు వేసవి సెలవులు. పని ఆరంభించితిమి.

కొమరాడ వైపు గ్రామము నుండి డెబ్బది దాటిన వడ్రంగి నొకనిని పిలిపించితిమి. ఆయన ఒక్కొక్క భాగమును చేతితో తట్టి పేరు చెప్పుచుండెను: ఇరుసు, నొగలు, కాడి, ఆకులు, పూటీలు, కడసీల. ఒడియాలోను ఇంగ్లీషులోను చదువుకొను మా మనుమరాలు, ఇంటిలో నేర్చిన తెలుగు అక్షరములతో ఆ మాటలను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనెను. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ పదముల మాండలిక వృత్తిపదకోశము వెలువడినది. అటువంటి మహాకార్యము మావంటివారి తరము కాదు. అయినను ఒక యింటి మాటలను ఆ యింటివారు వ్రాసి యుంచుకొనవచ్చును గదా.

నాలుగవనాడు నేలచెక్కలు ఊడదీసితిమి. పైన టేకుపలకలు నున్నగా నుండెను. వాని క్రింద మరియొక వరుస పాతపలకలు బయటపడెను. వాని పైభాగము నీటిలో నానిన పీచువలె లేచి, గోటితో గీచిన రాలుచుండెను. ఆ పలకలకు కొట్టిన మేకులన్నియు పొడియైపోయెను. బండిలో తక్కిన చోట్ల మేకులు మాత్రము గట్టిగా నుండెను. ప్రక్కల వెంబడి గుంజలు నిలుపు రంధ్రములు వరుసగా నుండి, కొయ్యబిరడాలతో మూయబడియుండెను. వడ్రంగి ఆ పలకను చేతులోనికి తీసికొని చూచి, “బాబూ, ఇది మనుషుల కోసం కట్టిన బండి కాదండి. బరువుల బండి. ఉప్పు తిన్న చెక్క ఇలాగే పీచవుతాది. గూడు తరవాతెప్పుడో వేసినారు” అనెను.

నా కామాట రుచింపలేదు. ఆ రాత్రి మాత్రము మన ప్రాంతపు చరిత్రను మరల తలచుకొంటిని.

సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున నున్న కొరాపుట్ పీఠభూమియందు గాని, నాగావళి లోయయందు గాని ఉప్పు పండదు. కావున అనాదిగా తీరపు ఉప్పు కొండలకెక్కుచు, కొండల ధాన్యము, చింతపండు, పసుపు, పిప్పళ్లు, మైనము తీరమునకు దిగుచుండెను. బాటలు సరిగాలేని కాలమున ఈ రవాణా లంబాడీల పెరికెయెడ్లపై సాగెడిది. 1805లో మద్రాసు ప్రభుత్వము ఉప్పుపై గుత్తాధికారము నెలకొల్పినది. 1839 నాటి 24వ చట్టముతో ఈ మన్యము విశాఖపట్టణపు కలెక్టరు ‘ఏజెంటు’ హోదాలో పాలించు ఏజెన్సీ అయినది. 1863లో జయపురం దేశమున ప్రభుత్వాధికారులును పోలీసులును ప్రవేశించిరి. వారి వెంట బండి నడచు బాటలు వచ్చినవి. సాలూరు నుండి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్టునకు కనుమదారి యొకటి. పార్వతీపురము నుండి రాయగడకు మరియొకటి. 1908-09 నాటికి రైలు విజయనగరము నుండి పార్వతీపురము చేరెను. అచ్చట రైలు దిగిన ఉప్పు, గుడ్డలు, కిరసనాయిలు ఎడ్లబండ్లపై సుమారు 30 మైళ్లు ప్రయాణము చేసి రాయగడకు రావలసియుండెను. బరువుబండికి అది రెండు రాత్రుల దారి.

ఈ చరిత్ర నేను ఎరుగనిది కాదు. ఆ బండ్లను తోలినవారిలో మావారొకరై యుందురని మాత్రము తలపనైతిని.

గుణుపురములో నున్న మా మేనత్తగారికి 91 సంవత్సరములు. ఆమె వద్దకు పోయి, పలక సంగతి చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడక, తుదకు ఇట్లనిరి: “మీ ముత్తాత ఉప్పుబండి తోలినవాడేరా. మా నాయన చదువుకొని లేఖరి అయినాడు. సంబంధాలు చూచేవేళ ఆ మాట ఎత్తవద్దని మా అమ్మ చెప్పింది. తరవాత మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.”

అనగా ఠాణా లేఖరి మా ముత్తాత కాదు, మా తాతగారు. ఒక తరము కథ వెనుకకు జరిగినది. బండి మాత్రము తన సంగతిని తన నేలలోనే దాచుకొన్నది.

గూడు ఎప్పుడు వేసిరో కూడ ఊహించుట కష్టము కాదు. 1931లో విజయనగరము–రాయపూరు రైలుమార్గము పూర్తియైనది. 1933 డిసెంబరులో విశాఖపట్టణపు ఓడరేవు ప్రారంభమైనది. ఉప్పు నేరుగా రైలుపెట్టెలలో రాయగడకు దిగసాగెను. దూరపు మోతబండ్లకు పని తగ్గెను. ఇంటిలో ఒకరికి ఉద్యోగము, గౌరవము వచ్చిన కాలమునకే బండికి మోత తప్పినది. గుంజల రంధ్రములు మూసి, టేకుపలకలు పరచి, పైన గూడు కట్టి, దానిని పెండ్లిండ్లకును మజ్జిగౌరమ్మవారి దర్శనమునకును పోవు బండిగా మార్చియుందురు. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెత మా సాలలోనే నిజమయ్యెను. పిమ్మట 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రమేర్పడగా, విశాఖపట్టణము జిల్లావారమైన మనము ఇల్లు కదలకయే కొరాపుట్ జిల్లావారమై, వేరు రాష్ట్రపు వారమైతిమి. 1992 అక్టోబరు 2న రాయగడ ప్రత్యేక జిల్లా అయినది. బండి మాత్రము అదే సాలలో నుండెను.

ఇచ్చట ఒక సంగతి దాచుట న్యాయము కాదు. ఉప్పుబండ్లు మేలు మాత్రమే మోయలేదు. సంతలలో కొండవారికి చిన్నకొలతతో ఉప్పు కొలిచి, పెద్దకొలతతో ధాన్యము తీసికొన్న వర్తకులుండిరి. అప్పులు పెట్టి భూములు వ్రాయించుకొన్నవారును ఉండిరి. ఏజెన్సీలో వడ్డీలను, భూముల బదిలీలను అదుపుచేయుటకు 1917లోనే చట్టము చేయవలసివచ్చెను. మా ముత్తాత కొలత ఎట్టిదో చెప్పువారు నేడు లేరు. లేఖరి మనుమలమని మేము గొప్ప చెప్పుకొన్నపుడు, ఈ ప్రశ్న మాకు ఎదురుకానేలేదు. ఉప్పుబండి వంశమని తెలిసిన పిమ్మట అది తప్పక ఎదురగును. ఎదురగుటయే మంచిదని నా అభిప్రాయము.

మా తమ్మునికి ఈ సంగతి నచ్చలేదు. అతని కుమార్తెకు సంబంధములు చూచుచున్నారు. “బండిని బాగుచేయుదము గాని, ఈ మాట సంచికలో వ్రాయనేల?” అనెను. విన్నిపెగ్ మేనల్లుడు మాత్రము నవ్వి, “మా బోలర్ సెప్టిక్ ట్యాంకు చేసినవాని బుర్రలో పుట్టినది. దానిని ఇచ్చటివారు దాచుకొనరు, ముచ్చటగా చెప్పుకొందురు” అనెను. తమ్ముడు ఇప్పటికిని పూర్తిగా ఒప్పుకొనలేదు. అయినను చక్రములకు క్రొత్త పట్టాల ఇనుముఖర్చు తానే భరించెను.

పట్టా వేయు దినము పిల్లలకు పండుగ అయినది. కమ్మరి ఇనుపపట్టాను చక్రపు చుట్టుకొలత కంటె కొంచెము తక్కువగా అతికి, చుట్టును పిడకలు పేర్చి ఎఱ్ఱగా కాల్చెను. కాలిన ఇనుము సాగి పెద్దదగును. నలుగురు పట్టకార్లతో దానిని ఎత్తి చక్రముపై దించి, వెంటనే నీళ్లు క్రుమ్మరించిరి. పట్టా చల్లబడి ముడుచుకొనుచు, పూటీలను ఆకులతోను, ఆకులను నడిమి కుండతోను బిగించెను. కీళ్లు బిగియు చప్పుడు అందరికిని వినబడెను. మేకు లేక, జిగురు లేక చక్రము నిలుచు రహస్యము అదియే. ఇరుసునకు ఆముదముతో కలిపిన కందెన పూసితిమి. వెదురుబద్దలతో గూడు కట్టి ఈతచాప కప్పితిమి.

నేలకు టేకుపలకలను మరల పరచితిమి గాని, నడుమ ఒక పలక వేయలేదు. అచ్చట ఉప్పు తిన్న పాతపలకను, చిత్రిక పట్టక, రంగు పూయక, ఉన్నదున్నట్లు నిలిపితిమి. బండి ఎక్కువారెల్లరు దానిపై అడుగుపెట్టక తప్పదు.

మావద్ద ఎడ్లు లేవు. ఒక రైతు వద్ద జతను అడిగి తెచ్చి, ఒకనాటి వేకువను మజ్జిగౌరమ్మవారి గుడివరకు పోయివచ్చితిమి. మేనత్తగారు చాపపై కూర్చుండి, పాతపలకను చేతితో తడవుచు వచ్చిరి. మా మనుమరాలు దారిపొడవున నోటుపుస్తకము చదివి వినిపించుచుండెను. ఒకటి రెండు మాటలను మేనత్తగారు దిద్దిరి.

మన యిండ్లలో ఇట్టి బండ్లు, పెట్టెలు, తక్కెడలు, కొలతపాత్రలు ఇంకను ఉండవచ్చును. వానిని అమ్మివేయుటకు ముందు ఒకసారి నేల ఊడదీసి చూడుడని, తొంబది దాటిన పెద్దలను ఆలస్యము చేయక అడిగి తెలిసికొనుడని చదువరులకు నా మనవి.