ఎటు వెళ్తాడో చెప్పని పెద్దమనిషి

వీరులపాడులో మీకు రెండు ఓట్లు కొత్త కాదు. నందిగామ ఎమ్మెల్యేకొకటి, విజయవాడ ఎంపీకొకటి ఒకే పూట వేసొస్తారు. న్యూజిలాండ్‌లో మాకూ రెండే, కానీ రెండూ ఒకే పార్లమెంటుకి, ఒకే కాగితం మీద: ఒకటి మా నియోజకవర్గం అభ్యర్థికి, ఒకటి పార్టీకి. నారింజ రంగు పెన్నుతో టిక్కు పెట్టడమే, వేలికి సిరా ఉండదు. (పౌరసత్వం లేకున్నా, శాశ్వత నివాస హక్కు ఉండి ఏడాది ఇక్కడున్నవాళ్లకి ఓటిస్తారు. ఆ మర్యాద నాకు నచ్చింది.)

ఏ పార్టీకి ఎన్ని సీట్లన్నది పార్టీ ఓటు తేలుస్తుంది. ఈ పద్ధతి మొదలైన 1996 నుంచి ఒక పార్టీకే సొంతంగా మెజారిటీ వచ్చింది 2020లో లేబర్‌కి మాత్రమే. మిగతా అన్నిసార్లూ పొత్తులే, మద్దతులే. కాబట్టి ఎన్నికలకు ముందు అడగాల్సింది ఒకటే: రేపు ఎవరితో కలుస్తావు?

న్యూజిలాండ్ ఫస్ట్ నాయకుడు విన్‌స్టన్ పీటర్స్ దానికి జవాబివ్వకుండానే ఏళ్లు నెట్టుకొచ్చాడు. 1996లో నేషనల్ పార్టీని దించాలనుకున్నవాళ్లు చాలామంది ఆయనకే ఓటేశారు, మావోరీ ఆదివాసులకు ప్రత్యేకించిన సీట్లు అయిదూ ఆయన పార్టీకే పడ్డాయి. రెండు నెలలు ఇటు లేబర్‌తో, అటు నేషనల్‌తో బేరమాడి చివరికి నేషనల్ పక్కనే కూర్చున్నాడు. 120 సీట్లలో నేషనల్ 44కి ఆయన 17 కలిపితే 61, సరిగ్గా సరిపోయింది. ఉప ప్రధాని పదవి, ఖజానా ఆయనవి.

మనవాళ్లకి ఇదేం వింత కాదు. 1998లో యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్‌గా బీజేపీ మీద పోరాడిన చంద్రబాబు, ఫలితాలొచ్చాక 12 మంది ఎంపీలతో వాజ్‌పేయి వైపు మొగ్గారు, బాలయోగి స్పీకరయ్యారు. పొత్తు ధర్మమని సైకిల్‌కి ఓటేసిన మన మెట్ట ఎర్రజెండా వాళ్లకి ఎలా అనిపించి ఉంటుందో మరి!

నేషనల్‌తో పీటర్స్ సంసారం 1998 ఆగస్టులోనే చెడింది. మరుసటి ఏడు ఎన్నికల్లో, సీట్లు దక్కడానికి కావాల్సిన 5 శాతం పార్టీ ఓట్లు కూడా రాలేదు. టౌరంగా నియోజకవర్గంలో ఆయన 63 ఓట్లతో గట్టెక్కబట్టి పార్టీ బతికింది.

తప్పంతా ఆయనదే అంటే నేనొప్పుకోను. తలుపు మూయని పెద్ద పార్టీల సంగతేంటి? 2008లో నేషనల్ నాయకుడు జాన్ కీ ఆయనతో కలిసేది లేదని ముందే తేల్చేశాడు, ఆ ఎన్నికల్లో పీటర్స్ పార్టీ పార్లమెంటు గడప దాటలేదు. 2017లో పెద్ద పార్టీల్లో అలా తేల్చినవాళ్లు లేరు. 56 సీట్ల నేషనల్‌ని పక్కనపెట్టి, 46 సీట్ల లేబర్‌కి ఆయన దన్నిచ్చాడు. లేబర్ నాయకురాలు జసిండా ఆర్డెర్న్ కూడా ఆ మాట టీవీలోనే విన్నారు.

2023లో పీటర్స్ లేబర్‌తో కలవనని ముందే చెప్పాడు. ఈసారి నసిగింది నేషనల్ నాయకుడు లక్సన్. అవసరమైతే పీటర్స్‌కి ఫోన్ చేస్తానని పోలింగ్‌కి మూడు వారాల ముందు గానీ నోరు విప్పలేదు. అవసరం పడనే పడింది. ప్రభుత్వం ఏర్పడటానికి ఆరు వారాలు పట్టింది, ఉప ప్రధాని పదవిని పీటర్స్, యాక్ట్ పార్టీ సీమోర్ చెరి సగం కాలం పంచుకున్నారు.