బంద్
పోచంపల్లిలో ‘మోటర్ బంద్ చేసిన’ అంటే స్విచ్ ఆపాననే. అసలు బంద్ అంతకంటే గట్టి మాట. పారసీలో దానర్థం కట్టినది, మూసినది. సంస్కృత ‘బంధ్’ ధాతువుకు దగ్గరి చుట్టం. బందోబస్తులో ఆ కట్టు రెండుసార్లు ఉంది: ‘బంద్’ కట్టే, ‘బస్త్’ కట్టే. నజర్‌బందు చూపుతో కట్టేయడం. బంధం, బంధువు మాత్రం సంస్కృతం నుంచి నేరుగా వచ్చాయి. ఇక్కడి చీరల ‘ఇక్కత్’ కూడా మలయ్‌ భాషలో కట్టడమే. ఇప్పుడు సమ్మెకూ, దుకాణానికీ, కరెంటుకూ బంద్ ఒకటే. చిక్కల్లా కరెంటు దగ్గరే. చింతకింది మల్లేశం రూపొందించిన, నూలు చుట్టే ఆసు యంత్రం వచ్చాక నేత ఇళ్లల్లో తల్లుల భుజాల నొప్పి తగ్గింది, మోటరూ చేరింది. కరెంటు పోయింది కదా అని చిక్కుపడ్డ దారం తీయబోతే, కరెంటు చెప్పకుండా తిరిగొస్తుంది. లేదా ఇంకెవరో తెలియక స్విచ్ వేస్తారు. యంత్రాల మరమ్మతుపై 1989 నాటి అమెరికా నియమం అందుకే స్విచ్‌తో సరిపెట్టుకోదు: సరఫరా తెంచాలి, తాళం వేయాలి లేదా పేరున్న చీటీ కట్టాలి, నిజంగా ఆగిందో లేదో పరీక్షించాలి. ఇంట్లోనైతే ప్లగ్గు పీకి కళ్లముందు పెట్టుకున్నాకే ‘బంద్ చేసిన’ అనాలి.