ఆప్రికాట్‌లోకి ‘ప’ ఎలా వచ్చింది?

హైదరాబాద్ పెళ్లివిందుల్లో ఖుబానీ కా మీఠా చేసే పండునే ఇంగ్లిష్‌లో ఆప్రికాట్ అంటారు. 16వ శతాబ్దం నడుమ ఆ భాషలోకి కొత్తగా వచ్చినప్పుడు దాని రూపం ‘అబ్రెకాక్’. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల సంపుటంలో, ‘రిచర్డ్ ది సెకండ్’లోని తోటమాలి నోట అది ‘ఏప్రికాక్’. ‘బ’ పోయి ‘ప’ వచ్చింది. ఆ తర్వాత చివరి ‘క’ కూడా ‘ట’ అయింది.

‘ట’ సంగతి తేలికే. ఫ్రెంచ్ వాళ్లు ‘అబ్రికో’ అని పలికినా రాతలో చివర ‘ట’ ఉంటుంది, ఆ ప్రభావం ఇంగ్లిష్ మీద పడింది. పీటముడి అంతా ‘ప’ దగ్గరే. ఫ్రెంచ్‌లో ఉన్నది ‘బ’. స్పానిష్ ‘అల్బరికోకె’లో, కాటలాన్ ‘అల్బెర్కోక్’లో కూడా ‘బ’యే.

ఆ రెండు మాటల ముందున్న ‘అల్’ అనే తీగ లాగితే డొంక కదులుతుంది. అరబ్బీలో నామవాచకం ముందు చేరే ‘అల్’ అది. అరబ్బుల ఏలుబడిలోని స్పెయిన్‌లో ఈ పండు ‘అల్‌బర్కూక్’. ఆ మాట అరబ్బులకు గ్రీకుల నుంచి, గ్రీకులకు లాటిన్ నుంచి చేరింది. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయస్కారిడీస్ దీన్ని ఆర్మేనియా ఆపిల్ అని చెప్పి, రోమన్లు ‘ప్రైకోకియా’ అంటారని రాసిపెట్టాడు. ‘ప్రై’ అంటే ముందు. ‘కోక్’ ధాతువుకు పండటం, వండటం రెండూ అర్థాలే. మిగతా పండ్లకన్నా ముందే పండేదన్నమాట. కాయనూ కూరనూ ఒకేలా ‘పక్వమైంది’ అనే మనకు ఇది వింతేమీ కాదు. పైగా సంస్కృత ‘పచ్’, లాటిన్ ‘కోక్’ ఒకే మూలం నుంచి పుట్టినవి.

‘ప’ అక్కడ ఉండేదన్నమాట. గ్రీకు నుంచి అరబ్బీకి సాగిన దారిలో అది ‘బ’ అయింది, అరబ్బీలో అసలు ‘ప’ ధ్వనే లేదు. మరి ఇంగ్లిష్‌లోకి మళ్లీ ఎలా వచ్చింది? ఆధారం 1617 నాటి ఒక నిఘంటువులో ఉంది. దాన్ని కూర్చిన జాన్ మిన్షూ ఈ మాటకు లాటిన్ ‘ఇన్ అప్రికో కోక్టుస్’ను మూలంగా చూపాడు. ఎండ బాగా తగిలేచోట పండినది అని అర్థం. వినడానికి ఎంత బాగుందో అంత తప్పు. కానీ ‘బ’ను ‘ప’గా మార్చింది ఈ ఊహే కావచ్చని నిఘంటుకారులు అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. అలాగైతే రోమన్ల ‘ప’ తిరిగి రాలేదు. దాని చోట్లోకి వచ్చింది, ‘అప్రికో’ నుంచి తెచ్చిపెట్టిన వేరే ‘ప’.