అలెగ్జాండ్రియా రేవు – మన ఘంటసాల



ఈజిప్టు అనగానే మనకు పిరమిడ్లూ, ఒంటెలూ, ఇసుక తిన్నెలూ కళ్ళ ముందు కదులుతాయి. కాని ఆ దేశానికి ఉత్తరపు కొసన, మధ్యధరా సముద్రపు ఒడ్డున, అలెగ్జాండ్రియా అని ఒక పాత రేవుపట్నం ఉంది. ఆ మధ్య ఒక సదస్సుకని అక్కడికి వెళ్ళవలసి వచ్చింది. ఉపన్యాసాల మధ్య దొరికిన తీరికలో ఊరంతా తిరిగి చూశాను. ఆ ఊరికీ మన కృష్ణా తీరానికీ సుమారు రెండువేల ఏళ్ళ నాటి చుట్టరికం ఉందండీ. ఆ సంగతే ఈవేళ మీకు చెబుతాను.

మాసిడోనియా రాజు అలెగ్జాండరు క్రీ.పూ. 331లో ఈ పట్నానికి పునాది వేయించాడు. వీధులు ఎక్కడ రావాలో, గోడలు ఎక్కడ లేవాలో నేలమీద గీయడానికి సుద్ద దొరకలేదట. అప్పుడు బార్లీపిండితో గీశారట. గీత పూర్తయిందో లేదో, ఎక్కడెక్కడి పక్షులో గుంపులుగా దిగి పిండంతా తినేశాయి. ఇదేం అపశకునమని రాజు కంగారుపడితే, జోస్యులు, “కాదు, ఈ పట్నం ఎందరికో అన్నం పెడుతుంది” అని చెప్పారట. గ్రీకు రచయిత ప్లూటార్కు ఈ కథ రాశాడు. కథ నిజమో కాదో గాని, వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు వేసి, చీమలు తింటే పుణ్యమే అనుకునే మనకు ఇందులో వింతేమీ కనబడదు.

జోస్యం మాత్రం ఫలించింది. ఒడ్డుకు ఎదురుగా ఫారోస్ అనే చిన్న ద్వీపం ఉండేది. దానికీ ఊరికీ మధ్య, కిలోమీటరుకు పైగా పొడవున రాతి కట్ట వేశారు. దాంతో కట్టకు అటొక రేవు, ఇటొక రేవు ఏర్పడ్డాయి. ద్వీపం మీద, క్రీ.పూ. 280 ప్రాంతంలో, నూరు మీటర్లకు పైగా ఎత్తున దీపస్తంభం కట్టారు. ప్రపంచపు ఏడు వింతల్లో అదొకటి. ఫ్రెంచివాళ్ళు ఇవాళ్టికీ దీపస్తంభాన్ని “ఫార్” అంటారు. ఆ మాట ఈ ద్వీపం పేరే. 1303లోనూ, 1323లోనూ వచ్చిన భూకంపాలకు స్తంభం బాగా దెబ్బతిని చివరకు కూలిపోయింది. ఆ చోటనే 1477లో సుల్తాను కైత్‌బే కోట కట్టించడం మొదలుపెట్టాడు. కోట బురుజు మీద నిలబడితే సముద్రపు గాలికి చీర కొంగు నిలవదు. ఆ నీళ్ళలోనే, 1994 నుంచి, గజ ఈతగాళ్ళు దిగి పాత స్తంభానివే అనుకునే పెద్ద పెద్ద రాళ్ళను గుర్తించారు.

ఇంతకీ ఆ దీపం వెలుగులో ఏ సరుకులు వచ్చేవి? మన దేశం నుంచి మిరియాలు, ముత్యాలు, ఏనుగు దంతం, సుగంధ ద్రవ్యాలు, సన్నని నూలు బట్టలు వెళ్ళేవి. ఎర్రసముద్రం రేవుల నుంచి ఓడలు జూలై నెలలో బయలుదేరి, ఋతుపవనాల ఊతంతో మన తీరానికి చేరేవి. గాలి వాటం మారాక తిరిగి వెళ్ళేవి. ఎర్రసముద్రం ఒడ్డున సరుకు దించి, ఒంటెల మీద ఎడారి దాటించి, నైలునదిలో పడవలకెక్కించి అలెగ్జాండ్రియా చేర్చేవారు. అక్కడ నాలుగో వంతు సుంకం కట్టాలి. వియన్నాలో భద్రంగా ఉన్న 2వ శతాబ్దపు పత్రం ఒకదానిలో, కేరళ తీరంలోని ముజిరిస్ నుంచి వెళ్ళిన ఒకే ఒక్క ఓడ సరుకు విలువ, సుంకం పోను, సుమారు 70 లక్షల రోమన్ సెస్టర్షియాలని లెక్క తేలింది!

క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టులోని ఒక గ్రీకు వర్తకుడు రేవుల గురించి చిన్న పుస్తకం రాశాడు. తన పేరు మాత్రం చెప్పుకోలేదు. అందులో “మసాలియా” అనే తీరంలో సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని రాశాడు. అది మన కృష్ణా గోదావరి ప్రాంతపు తీరమేనని చరిత్రకారులు చెబుతారు.

ఇక్కడొక తమాషా వినండి. ఆ రోజుల్లోనే ప్లినీ అని రోములో ఒక పెద్దమనిషి, ఇండియా ఏటా మన దగ్గర 5 కోట్ల సెస్టర్షియాలు లాగేస్తోందని లెక్కలు వేశాడు. ఇంకోచోట అరేబియా, చైనాలను కూడా కలిపి, ఏటా 10 కోట్లు పోతున్నాయనీ, మన విలాసాలకూ మన ఆడవాళ్ళకూ అయ్యే ఖర్చు ఇదీ అనీ వాపోయాడు. అదీ వరస! దేశం డబ్బు తరిగితే ఇంట్లో ఇల్లాలి మెడకేసి చూడడం అప్పుడే ఉందన్నమాట. మరి మిరియాలు ఎవరు తిన్నట్లు? అపీషియస్ పేరుతో నిలిచిన రోమన్ల వంటపుస్తకం చూస్తే, మిరియాలు పడని వంటకం అరుదు. విందుల్లో కూర్చున్న మగవాళ్ళు వాటిని పక్కకు తీసిపెట్టలేదు గదా! పైగా ఆ నాలుగో వంతు సుంకం నేరుగా ప్రభుత్వ ఖజానాకే చేరేది. ఆ సంగతి ఆయన ఫిర్యాదులో కనబడదు.

అలెగ్జాండ్రియాకు సరుకు ఎంతో చదువూ అంతే. రేవుకు వచ్చిన ఓడల్లో పుస్తకాలుంటే తీసుకుని, నకలు రాయించి, అసలు తమ గ్రంథాలయంలో ఉంచుకుని, నకలు మాత్రం తిరిగి ఇచ్చేవారట! అక్కడి గ్రంథాలయాధికారి ఎరటోస్తనీస్, ఒక ఊళ్ళో మిట్టమధ్యాహ్నం నీడ పడకపోవడం, మరో ఊళ్ళో పడడం చూసి, ఆ నీడ కొలతతోనే భూమి చుట్టుకొలత లెక్క కట్టాడు. 2వ శతాబ్దంలో టాలెమీ అనే పండితుడు ఈ ఊళ్ళోనే కూర్చుని, నావికులూ వర్తకులూ చెప్పిన సంగతులన్నీ పోగుచేసి ప్రపంచ భూగోళం రాశాడు. అందులో మన తీరంలోని “కొంటకోస్సిల” అనే వర్తకపు రేవు పేరుంది. శాసనాల్లోని కంటకసెల, ఇవాళ మచిలీపట్నానికి దగ్గరలో ఉన్న ఘంటసాల, అదేనంటారు. ఆ ఊరి పేరే మనందరికీ ఇష్టమైన గాయకుడి ఇంటిపేరు.

ఆ టాలెమీ ఖగోళ గ్రంథానికే తరువాత రెండు శతాబ్దాలకు థియాన్ అనే పండితుడు వ్యాఖ్యానం రాశాడు. మూడో భాగం మొదట, ఈ పాఠాన్ని పరిష్కరించినది నా కుమార్తె, తత్త్వవేత్త హైపేషియా అని స్వయంగా చెప్పుకున్నాడు. తండ్రి కూతురి పేరు దాచలేదు, చూశారా! హైపేషియా గణితం, ఖగోళం, తత్త్వశాస్త్రం బోధించేది. దూరదూరాల నుంచి శిష్యులు వచ్చి ఆమె దగ్గర చదువుకునేవారు. క్రీ.శ. 415లో, మతం పేరిట సాగిన అధికార తగాదాలో, ఒక మూక ఆమెను వీధిలో ఈడ్చి చంపింది. సొంతంగా ఆమె పేరుతో రాసినది ఒక్క పుస్తకమూ మనకు దక్కలేదు. శిష్యుడొకడు ఆమెకు రాసిన ఉత్తరాలు మిగిలాయి గాని, ఆమె రాసిన జవాబులు మిగలలేదు.

గ్రంథాలయం ఒక్క మంటలో బూడిదయిందని మనం చదువుకున్నాం. నిజానికి అది చాలా కాలం పట్టిన పని. క్రీ.పూ. 145 ప్రాంతంలో ఒక రాజు పండితులను ఊరినుంచి తరిమేశాడు. క్రీ.పూ. 48లో సీజరు యుద్ధంలో రేవు దగ్గర నిప్పంటుకుంది. ఆ పైన డబ్బు ఇచ్చేవారు లేక, నకళ్ళు రాయించేవారు లేక, చుట్టలు చివికిపోయాయి. ఏడాదికోసారి ఎండబెట్టి దులపకపోతే పెట్టెలో పట్టుచీరే ఉండదు. తాటాకు పుస్తకమైనా, పపైరస్ చుట్టయినా అంతే.

ఇప్పుడు ఆ ఊళ్ళో, సముద్రానికి ఎదురుగా, 2002లో ప్రారంభించిన కొత్త గ్రంథాలయం ఉంది. గుండ్రటి కప్పు సముద్రం వైపు వాలి ఉంటుంది. బయటి రాతిగోడ నిండా లోకంలోని రకరకాల లిపుల అక్షరాలు చెక్కారు. లోపల మెట్లు మెట్లుగా దిగే చదువుల హాలులో రెండువేల మంది కూర్చోవచ్చు. తలపై గుడ్డ కట్టుకున్న కాలేజీ ఆడపిల్లలు వరసగా కూర్చుని రాసుకుంటూ కనబడ్డారు. 2011 జనవరిలో దేశమంతా అల్లర్లు చెలరేగినప్పుడు, ఊరి యువతీయువకులు చేయీ చేయీ పట్టుకుని ఈ భవనం చుట్టూ గొలుసులా నిలబడి కాపాడుకున్నారు.

మరి మన కంటకసెల మాటేమిటి? 3వ శతాబ్దంలో బోధిశ్రీ అనే ఉపాసిక నాగార్జునకొండలో ఒక శాసనం వేయించింది. తాను చేయించిన దానాల పట్టికలో, కంటకసెలలోని మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించానని చెప్పింది. ఆ పుణ్యం భర్తకూ, అత్తమామలకూ, పుట్టింటివారికీ పేరుపేరునా పంచిపెట్టింది. చూశారా, అక్కడ టాలెమీ రాసుకున్న ఊరిలోనే ఇక్కడ ఒక గృహిణి మండపం కట్టించింది! ఆమె పేరు రాతిమీద ఉంది గనక మనకు తెలిసింది. ఆ ఓడలకెక్కిన నూలు వడికినవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

ఈసారి మచిలీపట్నం వైపు వెళితే, పిల్లలను తీసుకుని ఘంటసాలలో దిగండి. అక్కడి బౌద్ధస్తూపం దిబ్బ చూపించండి. అలెగ్జాండ్రియా పండితుడు ఈ ఊరి పేరు రాసుకున్నాడని వాళ్ళకు చెప్పండి. బోధిశ్రీ పేరు చెప్పడం మాత్రం మరిచిపోకండి.

సెలవు.