మార్కులు దాచిపెట్టిన మొదటి సెమిస్టర్

అమెరికాలోని ఎం.ఐ.టి.లో సీటు దొరకడం ఎంత కష్టమో మన ఇళ్లలో వేరే చెప్పనక్కర్లేదు. అంత కష్టపడి చేరిన కుర్రాడు మొదటి సెమిస్టర్‌లో క్లాసుకల్లా ముందున్నా, చచ్చీచెడీ గట్టెక్కినా అతని ట్రాన్‌స్క్రిప్ట్ మీద పడేది ఒకటే అక్షరం, ‘పి’. పాసయ్యాడని. తప్పాడనుకోండి, ఆ సబ్జెక్టు తీసుకున్న ఆనవాలే బయటికి కనబడదు. గ్రేడ్లు వెయ్యక కాదు. ప్రొఫెసర్లు వేస్తారు, విద్యార్థికీ అతని సలహాదారుకూ తెలుస్తాయి. గడప దాటి బయటికి మాత్రం పోవు. ఫలితాలొచ్చిన సాయంత్రానికే పిల్లల ఫొటోలు, ర్యాంకులు ఫ్లెక్సీలకెక్కే ఊళ్లలో పెరిగిన మనకు ఇది వింతగానే ఉంటుంది. చదివించి చంపుతారని పేరుపడ్డ చోట ఇంత మెత్తని నిబంధన ఊరికే పుట్టలేదు.

ఈ సంస్థకు మసాచుసెట్స్ ప్రభుత్వం చార్టర్ ఇచ్చింది 1861 ఏప్రిల్ 10న. రెండు రోజులకే అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. దాంతో తరగతులు మొదలవడానికి 1865 దాకా ఆగాల్సి వచ్చింది. బోస్టన్‌లో అద్దె గదుల్లో, 15 మంది విద్యార్థులతో. స్థాపకుడు విలియం బార్టన్ రోజర్స్ భూగర్భ శాస్త్రవేత్త. పుస్తకం చదివితే చాలదు, చేత్తో పనిచేయడమూ రావాలన్నది ఆయన పట్టు. అందుకే సంస్థ ముద్ర మీద పుస్తకం పట్టుకున్న పండితుడికి తోడుగా సుత్తి పట్టుకున్న కార్మికుడూ ఉంటాడు. 1916లో చార్లెస్ నది దాటి కేంబ్రిడ్జ్‌లోని ఇప్పటి చోటికి వచ్చింది. గౌరవ డాక్టరేట్లు ఇచ్చే అలవాటు లేదు. పట్టాల మీద డిస్టింక్షన్లుండవు, క్లాసులో ఎవరిది ఎన్నో ర్యాంకో లెక్కకట్టరు. పనిని మాత్రం గంటలతో సహా లెక్కకడతారు.

ఆ లెక్క కాస్త దగ్గరగా చూడాల్సిందే. అక్కడ డిపార్ట్‌మెంట్లకు పేర్లకంటే నంబర్లు ముందు. ఫిజిక్స్ 8, లెక్కలు 18, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ కలిపి 6. మొదటి కాలిక్యులస్ కోర్సు నంబరు 18.01. కేటలాగ్‌లో దాని పక్కన 5-0-7 అని ఉంటుంది. వారానికి 5 గంటలు క్లాసులో, ల్యాబ్ సున్నా, సొంతంగా కూర్చుని చేయాల్సింది 7 గంటలు. మొత్తం 12, అక్కడి లెక్కలో 12 యూనిట్లు. అలాంటివి నాలుగు తీసుకుంటే వారానికి 48 గంటలు. ఏడు గంటలన్నది కాగితం మీద మాట. ఒక్క ‘పీసెట్’, అంటే వారం వారం ఇచ్చే లెక్కల కట్ట, దానికదే రాత్రి తెల్లవార్లూ మింగేయగలదు. ఫైరింజన్ గొట్టానికి నోరు పెట్టి నీళ్లు తాగినట్టుంటుంది అక్కడి చదువు అన్న మాట ఆ క్యాంపస్‌లో అందరి నోటా వినిపిస్తుంది. 1971 నుంచి 1980 దాకా అధ్యక్షుడిగా ఉన్న జెరోమ్ వీస్నర్ అన్నాడని చెబుతారు. 1991లో కొంతమంది విద్యార్థులు ఈ మాటను నిజం చేసి చూపించారు. పెద్ద లెక్చర్ హాలు బయట ఉన్న తాగునీటి కుళాయికి ఏకంగా ఫైర్ హైడ్రంట్‌నే బిగించేశారు.

ఇంత ధారకు నోరు పట్టే పిల్లలు ఎవరు? వాళ్ల వాళ్ల బళ్లలో ఎప్పుడూ మొదటి స్థానం తప్ప రెండోది ఎరగని వాళ్లు. అలాంటి వాళ్లనే ఏరి ఒక్క గదిలో కూర్చోబెడితే సగం మంది క్లాసులో కింది సగంలోనే ఉంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, అది అంకగణితం. మొదటి మిడ్‌టర్మ్ పేపరు చేతికొచ్చాక కాని ఈ సంగతి ఒంటబట్టదు. అందుకే 1968లో చేరిన బ్యాచ్‌తో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. మొదటి ఏడాది మొత్తానికీ పాస్, ఫెయిల్ తప్ప గ్రేడ్లు లేవు. నాలుగేళ్లు చూసి, తరవాత దాన్ని స్థిరం చేశారు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ అంతకు కొన్నేళ్ల ముందే ఈ దారి పట్టింది. తరవాత్తరవాత ఎం.ఐ.టి. ఇంకో మెట్టెక్కి ఫెయిలన్న మాటనే రికార్డులోంచి తీసేసింది.

ఆ రోజుల్లోనే ఎం.ఐ.టి.లో మానసిక వైద్యుడిగా పనిచేసిన బెన్సన్ స్నైడర్ ఒక పుస్తకం రాశాడు, పేరు ‘ది హిడెన్ కరిక్యులమ్’. 1960ల విద్యార్థులను ఏళ్ల తరబడి కలుస్తూ మాట్లాడి రాసింది. అందులో ఒక తరగతి సంగతి వస్తుంది. ప్రొఫెసరు మొదటి రోజునే, సొంతంగా ఆలోచించండి, తప్పవుతుందని భయపడకండి అని ధైర్యం చెప్పాడు. కొన్ని వారాలకు క్విజ్ పెట్టాడు. చూస్తే అన్నీ బట్టీపట్టి అప్పజెప్పే ప్రశ్నలే. విద్యార్థులకు అసలు పాఠం అప్పుడు బోధపడింది. ఇచ్చిన పనంతా ఎవరివల్లా కాదు కాబట్టి ఏది చదవాలి, ఏది వదిలేయాలి అన్న లెక్కే అక్కడ బతకనేర్చిన విద్య అయిందని స్నైడర్ వాదన. ఇంటర్ చదివిన ఏ తెలుగు విద్యార్థికైనా ఇది కొత్త కాదు. ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ గైడు మన దగ్గర అందుకే అమ్ముడుపోతుంది.

గ్రేడ్లు పక్కనపెట్టిన ఆ నాలుగైదేళ్లలోనే మరికొన్ని తలుపులు తెరిచారు. 1969లో మార్గరెట్ మెక్‌వికార్ అనే యువ భౌతిక శాస్త్రవేత్త డిగ్రీ పిల్లలు కూడా ప్రొఫెసర్ల పరిశోధనలో చేరే పథకం పెట్టింది. పేరు యూరాప్. క్రెడిట్ కావాలంటే క్రెడిట్, జీతం కావాలంటే జీతం. కొత్తగా చేరిన పిల్లలకే పరిశోధన చేయనివ్వాలని పోలరాయిడ్ కెమెరా కనిపెట్టిన ఎడ్విన్ ల్యాండ్ 1957లోనే అక్కడ ఉపన్యాసమిచ్చి ఉన్నాడు. దాన్ని ఆచరణలోకి తెచ్చింది ఈమె. 1971లో జనవరి నెలను మామూలు పాఠాల నుంచి విడదీసి ఐ.ఎ.పి. అన్నారు. ఆ వారాల్లో గాజు ఊదడం నేర్చుకోవచ్చు, ప్రోగ్రాములు రాయొచ్చు, ఏమీ చేయకుండా ఇంటి దగ్గర పడుకోవచ్చు. తరవాత్తరవాత మర్యాదల బడి ఒకటి కూడా మొదలైంది. టై కట్టుకోవడం ఎలా, కొత్తవాళ్లతో మాట కలపడం ఎలా అని నేర్పుతారు! సమీకరణాలు సాధించగలిగిన వాళ్లకు ఇవి రావని సంస్థే ఒప్పుకున్నట్టు లెక్క.

నిబంధనల్లోకల్లా విద్యార్థులు ఎక్కువగా ప్రేమించేది ‘డ్రాప్ డేట్’. సెమిస్టర్ ఇంకో నాలుగైదు వారాల్లో ముగుస్తుందనగా ఒక రోజు. ఆ రోజు దాకా ఏ సబ్జెక్టునైనా వదిలేయొచ్చు, రికార్డులో మచ్చ పడదు. సగానికి పైగా చదివి, రెండు పరీక్షలు రాసి, ఇక నావల్ల కాదనుకున్నా ఫర్వాలేదు. దీన్ని బేకర్ హౌస్ హాస్టల్ కుర్రాళ్లు పండగ చేశారు. ఫిన్లండ్ వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో కట్టిన వంకీల భవనం అది. 1972లో వాళ్లకొక పాడైపోయిన పియానో వదిలించుకోవాల్సి వచ్చింది. కిటికీల్లోంచి వస్తువులు విసరకూడదని హాస్టల్ రూలు. రూలు పుస్తకం తిరగేస్తే మేడ మీది నుంచి పడెయ్యకూడదని ఎక్కడా లేదట. ఆరంతస్తుల మీంచి తోసేశారు. ఇప్పుడది డ్రాప్ డేట్ ఆనవాయితీ. బాగుచేయడానికి వీల్లేని పియానోలనే ఎంచుకుంటారు, కింద తాడుకట్టి జనాన్ని ఆపుతారు. రూలులోని సందు వెతికి, ఆ సందుకే ఊరేగింపు చేసే పిల్లలంటే నాకు ముచ్చట.

సందులు వెతికే బుద్ధి పియానోతో ఆగలేదు. గ్రేడ్ల భయం లేని ఏడాది కనక రెండో సెమిస్టర్‌లో కొందరు కొరకరాని సబ్జెక్టులన్నీ ముందే లాగించేసేవారు. కొందరు పాసుకు సరిపడా చదివి పైవన్నీ గాలికొదిలేసేవారు. రెండో ఏడాదికొచ్చేసరికి పునాది లేదని ప్రొఫెసర్లు గగ్గోలు పెట్టారు. 2002లో చేరిన బ్యాచ్ నుంచి దాపరికం మొదటి సెమిస్టర్‌కే పరిమితమైంది. రెండో సెమిస్టర్‌లో ఎ, బి, సి గ్రేడ్లు బయటికి కనిపిస్తాయి. అంతకంటే తగ్గినవి మాత్రం రికార్డుకెక్కవు. మొదటి ఏడాది వాళ్లు ఎన్ని యూనిట్లు తీసుకోవచ్చన్న దానికీ పైన ఒక గీత ఉంది. పని తగ్గించుకోమని విద్యార్థిని బలవంతపెట్టే రూలు అది.

2002లోనే ఇంకో మార్పూ జరిగింది. అంతకు అయిదేళ్ల ముందు ఒక ఫ్రెటర్నిటీ (విద్యార్థుల సంఘం) ఇంట్లో కొత్తగా చేరిన కుర్రాడు తాగుడుకు బలైపోయాడు. ఆ తరవాత మొదటి ఏడాది పిల్లలంతా క్యాంపస్ హాస్టళ్లలోనే ఉండాలని తేల్చారు. విద్యార్థుల ఆత్మహత్యలు కోర్టుల దాకా వెళ్లాయి. ఒక కేసులో 2018లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఎం.ఐ.టి.ది తప్పు లేదని తేల్చింది. కానీ అదే తీర్పులో, ప్రాణాపాయం ఉందని స్పష్టంగా తెలిసినప్పుడు చేతులు ముడుచుకోకుండా తగిన చర్య తీసుకునే బాధ్యత విశ్వవిద్యాలయానికి ఉందని కూడా చెప్పింది. మన కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ల వార్తలు చదివే వాళ్లు ఈ రెండో ముక్క గుర్తుంచుకోవాలి.

ఈ చదువు గాలి మన దేశానికి అరవై ఏళ్ల కిందటే సోకింది. 1962 నుంచి 1972 దాకా ఎం.ఐ.టి.తో సహా తొమ్మిది అమెరికన్ విశ్వవిద్యాలయాలు కలిసి ఐ.ఐ.టి. కాన్పూర్‌ను నిలబెట్టాయి. అక్కడ మొదటి డైరెక్టరు పి.కె. కేల్కర్, అమెరికా బృందానికి మొదటి నాయకుడు ఎం.ఐ.టి. ప్రొఫెసర్ నార్మన్ డాల్. ఏడాది చివర ఒక్క పరీక్షతో తల రాసే పద్ధతి పోయి సెమిస్టర్లు, క్విజ్‌లు, అక్షరాల గ్రేడ్లు వచ్చాయి. పాఠం చెప్పిన వాడే పేపరు దిద్దడం అప్పటికి పెద్ద విప్లవం. రాజస్థాన్‌లోని బిట్స్ పిలానీ కూడా 1964 నుంచి ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో, ఎం.ఐ.టి. చేయూతతో అదే బాట పట్టింది. 2008లో హైదరాబాద్‌లో పెట్టిన బిట్స్ క్యాంపస్‌లో మన పిల్లలు చదివేది ఆ వారసత్వమే.

అయితే సరుకులో సగమే దిగుమతైంది. అక్షరాలొచ్చాయి. తోటివాడి మార్కును బట్టి నీ గ్రేడు తేల్చే రిలేటివ్ గ్రేడింగ్ చాలాచోట్ల వేళ్లూనింది. విచిత్రమేమిటంటే ఎం.ఐ.టి. నిబంధనల ప్రకారం ఒక విద్యార్థి గ్రేడు మిగతా క్లాసుతో సంబంధం లేకుండా అతనికి ఎంత వచ్చిందన్నదాన్ని బట్టే తేలాలి. మొదటి సెమిస్టర్ దాపరికం, చివరి దాకా వదిలేసుకునే వీలు మాత్రం మన ఇంజినీరింగ్ కాలేజీల దరికి రాలేదు. ఇక్కడ విద్యార్థికి రూలంటే 75 శాతం హాజరు, తగ్గితే కండొనేషన్ ఫీజు, అంతకంటే తగ్గితే డిటెన్షన్. తప్పిన సబ్జెక్టు బ్యాక్‌లాగ్ అయి, సప్లీ రాసి గట్టెక్కినా క్యాంపస్ ఇంటర్వ్యూలో కంపెనీవాళ్లు దాన్ని వేలెత్తి చూపిస్తారు. పద్దెనిమిదేళ్ల వయసులో ఒక చలికాలం చదవలేకపోవడం అంత పెద్ద నేరమని నాకైతే అనిపించదు.

2020 వసంతంలో కొవిడ్ వచ్చి క్యాంపస్ ఖాళీ అయినప్పుడు ఎం.ఐ.టి. ఆ ఒక్క సెమిస్టర్‌కు అందరికీ అక్షరాల గ్రేడ్లు ఎత్తేసింది. ఆ తరవాత మొదటి సెమిస్టర్ దాటిన వాళ్లకూ కొత్త వీలొకటి వచ్చింది. నాలుగేళ్లలో 48 యూనిట్ల దాకా, గ్రేడు చేతికొచ్చాక చూసుకుని మరీ, దాన్ని ‘పి’గా మార్చుకోవచ్చు. ఏ సబ్జెక్టుకు ఆ 48లోంచి ఎంత ఖర్చుపెట్టాలో, ఏది దాస్తే సగటు ఎంత పెరుగుతుందో లెక్కలు వేసుకోవడం కూడా అక్కడి పిల్లలకు ఇప్పుడొక పీసెట్టే.