పేరులేని యాత్రికులు

అమెరికా రచయిత జెఫ్ వాండర్‌మీర్ 2014వ సంవత్సరమున మూడు నవలలు వెంటవెంటనే ప్రకటించెను. ‘అనైహిలేషన్’, ‘అథారిటీ’, ‘ఆక్సెప్టెన్స్’ అనునవి వాని పేళ్లు. 2024లో నాలుగవ సంపుటము వెలువడినను, నా కీ మూడే యొక కథగా దోచుచున్నవి. సముద్రతీరమున నొక ప్రదేశము లోకమునుండి వేరుపడి యెవ్వరికిని అంతుపట్టకుండును. ప్రభుత్వ కార్యాలయ మొకటి దానిలోనికి పరిశోధకులను గుంపులుగా పంపుచుండును.

మొదటి నవలలో వెళ్లువారు నలుగురు స్త్రీలు. పేళ్లు విడిచి పోవలెనని వారికాజ్ఞ. జీవశాస్త్రవేత్త, సర్వేయరు అని వృత్తులతోనే వ్యవహారము. భూమిలోనికి దిగు గోపురము, దాని గోడపై బూజువలె మొలచిన సజీవాక్షరములు, సంధ్యవేళ రెల్లుదుబ్బులనుండి వినవచ్చు మూలుగు, ఇవన్నియు భయము గొలుపును. పాఠశాలలో చరిత్ర చెప్పుకొను నాకు మాత్రము వీనికంటె ఘోరముగ దోచినది వేఱొకటి: దీపస్తంభములో గుట్టగా కుళ్లుచున్న దినచర్య పుస్తకములు. తమది పండ్రెండవ యాత్ర యని వారికి చెప్పిరి. ఆ గుట్టను జూడగనే పూర్వము పోయినవారు అంతకంటె నెందరో యధికులని నాయిక గ్రహించును. పైగా వారిని సమ్మోహనవిద్యచే నడుపుచుండిరి. గ్రంథమునకు పేరైన పదమే, విన్నవారిని ప్రాణత్యాగమునకు బురికొల్పు రహస్యాజ్ఞ!

ఇది కేవల కల్పన యని మేడ్చల్, శామీరుపేటలవైపు నుండువారు త్రోసివేయజాలరు. తెలియనిదానిని తెలిసికొనుటకై పరుల దేహముల నుపయోగించుట మనకు క్రొత్తగాదు. 1897 ఆగస్టులో సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దొర, జ్వరపీడితుడైన హుస్సేన్‌ఖానుని దోమలచే గుట్టించెను; కూలి దోమకొక యణా. 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమి కనబడెను. 1902లో దొరకు నోబెల్ బహుమానము వచ్చెను. ఖానునకు వచ్చినవి అణాలే. అయినను పేరు మిగిలినది, అంతవఱకు మేలు.

శామీరుపేట ప్రాంతమున 1999లో జీనోమ్ వ్యాలీ వెలసినది. అచ్చటి భారత్ బయోటెక్ సంస్థ కోవాక్సిన్ టీకాను చేసెను. మూడవ దశ పరీక్షలో పాల్గొన్నవారు సుమారు 25,800 మంది. వారి పేళ్లును మనకు తెలియవు. కాని ఇచ్చట పేరు దాచుట వారి రక్షణకొఱకు. నవలలోని కార్యాలయమో, తన రక్షణకొఱకు దాచును. ఈ భేదము స్వల్పము గాదు. ఆ పరీక్షాఫలితములు వెలువడకమునుపే, 2021 జనవరి 3న టీకాకు అత్యవసరానుమతి లభించినందున, తొలినాళ్లలో దానిని పొందినవారు సమ్మతిపత్రముపై సంతకము చేయవలసివచ్చెను. సంతకము చేసినవారిలో దానిని చదువగలిగినవా రెందరు? చదువనేరనివారికి విప్పి చెప్పినవా రెందరు? మన యిండ్లలోని పెద్దలను, పనివారలను తలచికొన్నచో ఈ ప్రశ్న దూరపుది గాదు.

రెండవ నవల కొంత విసుగు పుట్టించును. కార్యాలయపు కాగితములే కథ. అయినను అందొక సూక్ష్మము గలదు. ఆ కార్యాలయమునకు అధికారిగా వచ్చినవానిని సయితము పైవారు సమ్మోహింపజేసిరి.

మూడవ నవలలోని సాల్ ఎవాన్స్ నాకు మిక్కిలి నచ్చెను. అతడు పూర్వము ఆ తీరమున దీపస్తంభమును కాచినవాడు. అతనికి పేరున్నది, ప్రేమించినవారున్నారు. ఒకనాడు పచ్చికలో మెరసినదానిని ముట్టబోవగా వ్రేలిలో ములుకు నాటెను. సర్వనాశమున కదియే మొదలు. అతని నెవ్వరును అడుగలేదు.